రెండు మైకుల మధ్య అక్క

రేపల్లెలో బావ పోయిన తర్వాత ఇల్లు సర్దుతుంటే ఇనప్పెట్టె అడుగున మాధవికి ఒక క్యాసెట్టు దొరికింది. దాని మీద మా నాన్న చేతిరాతతో ‘చి. రాజ్యం పాట, మన ఇంట్లో’ అని ఉంది. రాజ్యం మా అక్క. మాధవి ఆమె కూతురు. ఆ పిల్లని కన్న ఎనిమిదో రోజున అక్క పోయింది. మాధవి దగ్గర తల్లివి నాలుగు ఫోటోలు ఉన్నాయి, పెళ్ళిచీర ఉంది, ఒక రాగి చెంబు ఉంది. గొంతు మాత్రం ఎలా ఉండేదో తెలియదు. నలభై దాటి, హైస్కూల్లో లెక్కలు చెబుతూ, పిల్లల్ని కళ్ళెర్రజేసి కూర్చోబెట్టే మనిషి ఆ క్యాసెట్టుని చేతిరుమాల్లో చుట్టుకుని తెనాలి వెళ్ళి, పాత క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించే స్టూడియో ఒకటి వెతికి పట్టుకుంది. అక్కడ చేసి ఇచ్చిన పెన్‌డ్రైవుని తను వినకుండా బాపట్లలో ఉన్న నాకు పంపించి ఫోన్ చేసింది.

“ముందు నువ్వు విను పిన్నీ. అది అమ్మ గొంతేనని నువ్వు చెబితే అప్పుడొచ్చి నీ పక్కన కూచుని వింటాను. ఎవరో పక్కింటావిడ పాట విని అమ్మనుకుని ఏడ్చాననుకో, అంతకంటే నగుబాటు ఉంటుందా?”

“స్టూడియో ఆయన విన్నాడా?” అని అడిగాను.

“విన్నాడు. పాట ఉందండి, ఆడగొంతు, కాస్త తేడాగా ఉంది గాని బానే ఉంది అన్నాడు. నన్నూ వినమన్నాడు. వద్దని పెన్‌డ్రైవు తీసుకుని వచ్చేశాను.”

అక్క గొంతు విన్నవాళ్ళలో మిగిలింది నేనొక్కదాన్నే. అమ్మ, నాన్న ఎప్పుడో పోయారు, ఇప్పుడు బావ కూడా పోయాడు. కాబట్టి ఇది ఫలానా మనిషి గొంతు అని ముద్ర వేయగలిగే అధికారం లోకంలో నాకు తప్ప ఎవరికీ లేదు. అదంత సంతోషించాల్సిన అధికారమేమీ కాదు.

నా కంప్యూటరు గురించి ఒక ముక్క చెప్పాలి. ముప్పై ఏళ్ళ పైచిలుకు ఇక్కడి కాలేజీలో ఫిజిక్సు ల్యాబులో పనిచేసి రిటైరయ్యాక, పొద్దు గడవడానికి కొనుక్కున్నాను. దానికి అటొకటి ఇటొకటి చిన్న స్పీకర్లు ఉన్నాయి, ఒక హెడ్‌ఫోను ఉంది. పోయినేడు జ్వరం వచ్చి నా ఎడమ చెవి పూర్తిగా మూసుకుపోయింది. ఆ సెలవుల్లో మాధవి వచ్చి కంప్యూటర్లో ఏవో నొక్కి, “ఇక నుంచి అన్నీ నీ కుడి చెవికే వినపడతాయి పిన్నీ” అని సరిచేసి వెళ్ళింది. ఏం చేసిందో నేను అడగలేదు. పాటలు బాగానే వినపడుతున్నాయి, అంతవరకే నాకు పట్టింపు.

పెన్‌డ్రైవు వచ్చిన రోజు పొద్దున పదకొండింటికి కిటికీలన్నీ వేసి, ఫ్యాను కట్టేసి, చెమటలు కక్కుతూ కూర్చున్నాను. మొదట బుసబుసమని టేపు తిరుగుతున్న చప్పుడు వచ్చింది. తర్వాత గడియారం. ఒక టిక్కు గట్టిగా, ఒక టిక్కు మెత్తగా కొట్టుకునే మా తెనాలి ఇంటి గోడ గడియారం. నా ఒళ్ళు ఝల్లుమంది. ఆ తర్వాత వంటింట్లో అమ్మ ఇత్తడి గిన్నె మీద మూత పెట్టిన చప్పుడు, పెరట్లో కాకి, వీధిలో సైకిలు గంట. నాన్న దగ్గి, “ఊఁ, కానివ్వమ్మా” అన్నారు. చచ్చిపోయిన ఇల్లంతా అలా గదిలోకి నడిచి వచ్చి కూర్చుంది. ఇక పాట మొదలవ్వాలి.

పాట మొదలవ్వలేదు. నాన్న మాట తర్వాత అక్క గొంతు ఉండాల్సిన చోట స, శ, చ లాంటి అక్షరాలు మాత్రం సన్నగా బుసకొడుతూ వినపడ్డాయి. వాటి మధ్య ఊపిరి పీల్చడం, వదలడం. పాట తాలూకు లయ ఉంది, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతోంది, ఎక్కడ సాగదీయాలో అక్కడ సాగుతోంది. గొంతు మాత్రం లేదు. కాకి స్పష్టంగా ఉంది, గిన్నె స్పష్టంగా ఉంది, నాన్న దగ్గు నిన్న దగ్గినంత స్పష్టంగా ఉంది. అందరూ ఉన్నారు, పాడే మనిషి ఒక్కతే లేదు.

నాకు భయం వేసింది. దాచుకోవడం ఎందుకు, నిజంగా భయం వేసింది. ఎందుకంటే ఆ ఊపిరి పాటని నేను అంతకు ముందు ఒకసారి విన్నాను. ఎక్కడ విన్నానో తర్వాత చెబుతాను. ముందు రేడియో మెకానిక్కు కూతురు చేయాల్సిన పని చేశాను.

మా నాన్నకి తెనాలి గంగానమ్మపేటలో రేడియో రిపేరు కొట్టు ఉండేది. కొట్టంటే వేరే ఏం కాదు, మా ఇంటి ముందు గదే. వీపులు విప్పిన రేడియోలు బల్ల మీద వరసగా ఉండేవి. టంకం వేసేటప్పుడు లేచే రోజనం పొగ, వేడెక్కిన దుమ్ము వాసన, వెనక వంటింట్లోంచి అమ్మ వేయించే కందిపప్పు వాసన, మూడూ కలిస్తే మా ఇల్లు. ఇప్పటికీ ఎవరింట్లో కందిపప్పు వేగుతున్నా నాకు రోజనం పొగ కూడా వస్తున్నట్టే ఉంటుంది. నాన్న చాలా తక్కువ మాట్లాడేవారు. ఎవరైనా రేడియో పట్టుకొస్తే విప్పేవారు కాదు. ముందు ఆ మనిషిని కూర్చోబెట్టి, “ఎలా అంటోందో మీరోసారి అనండి” అనేవారు. చేబ్రోలు నుంచి, కారంచేడు నుంచి తలపాగా చుట్టుకుని వచ్చిన పెద్దపెద్ద రైతులు మా అరుగు మీద కూర్చుని సిగ్గుపడుతూ గుర్రుమనీ, కుయ్యిమనీ, చిటపటమనీ నోటితో చప్పుళ్ళు చేసేవాళ్ళు. నేనూ అక్కా తలుపు వెనక నోట్లో పమిటలూ ఓణీలూ కుక్కుకుని నవ్వేవాళ్ళం. నాన్న మాత్రం కళ్ళు మూసుకుని, తల ఒక పక్కకి వాల్చి, వైద్యుడు నాడి చూసినట్టు వినేవారు. విన్నాక ఎక్కడ విప్పాలో ఆయనకి తెలిసిపోయేది.

తెలియకపోతే ఆయనకి ఇంకో పద్ధతి ఉండేది. నోటి దగ్గర మొదలుపెట్టి చెవి దాకా నడవడం. కాలవకి నీళ్ళు రాకపోతే రైతు గట్టు వెంట నడిచి ఎక్కడ గండి పడిందో చూసుకున్నట్టు, శబ్దం వచ్చే దారి వెంట ఒక్కో అడుగూ నడవాలి, దేన్నీ వదిలిపెట్టకూడదు అనేవారు. నేనూ అలాగే నడిచాను, కాకపోతే చెవి నుంచి వెనక్కి. స్పీకర్లు తీసి హెడ్‌ఫోను పెట్టాను. అదే ఊపిరి. పిన్ను బయటకి లాగి, తుడిచి, టక్కుమనేదాకా లోపలికి నొక్కాను. అదే. వేరే పాటలు పెట్టాను, గొంతులన్నీ ఖంగుమన్నాయి. అంటే వైర్లూ స్పీకర్లూ బాగున్నాయి. పాటలు వినిపించే ప్రోగ్రాం తీసేసి ఇంకోటి వేశాను. సౌండు తాలూకు డ్రైవరు కొత్తది ఎక్కించాను. బాసూ, గదిలో ప్రతిధ్వనీ, ఇంకా ఏవేవో హంగులుంటే అన్నీ ఆపేశాను. చివరికి పాటని ఫోన్లోకి ఎక్కించుకుని వంటింట్లో నిలబడి విన్నాను. ఫోనుకున్న ఒక్క స్పీకర్లోంచి కూడా అదే వచ్చింది. గడియారం, కాకి, నాన్న, ఊపిరి.

స్టూడియో ఆయనకి ఫోన్ చేశాను. “నా దగ్గర బానే వచ్చిందమ్మగారూ. రెండు స్పీకర్లలోనూ విన్నానండి. ఆవిడెవరో గాని ఎంత బాగా పాడారండి” అన్నాడు.

“నాకు గొంతు రావడం లేదు బాబూ.”

“రాకపోవడమేంటండి? ఉన్నదే గొంతు కదండి,” అన్నాడు.

ఆ పాటని నాన్న టేపు మీద పట్టింది అక్క పెళ్ళి నాలుగు రోజుల్లో ఉందనగా. అక్కకి పంతొమ్మిది, నాకు పదమూడు. మంగళహారతి పాట అది, మా ఇంటి ఆడవాళ్ళు నోటి నుంచి నోటికి నేర్చుకున్నది, ఎక్కడా రాసిలేదు. ఎవరో బాగుచేయమని ఇచ్చిన పెద్ద టేప్‌రికార్డరు ఇంట్లో ఉంది, రెండు మైకులు తగిలించుకునే రకం. మైకులు నాన్నే తయారుచేశారు, పాల డబ్బాల్లో ఇసక పోసి వాటిలో నిలబెట్టారు. తలుపులకీ కిటికీలకీ బొంతలు వేలాడదీశారు. గడియారం ఆపబోతే అమ్మ ఒప్పుకోలేదు, పెళ్ళి పెట్టుకున్న ఇంట్లో గడియారం ఆపుతారా అని కసురుకుంది. నాన్న అక్కని పీట మీద కూర్చోబెట్టి, ఎడం మైకు నుంచి పెదవుల దాకా నూలుదారం పట్టి కొలిచారు. అదే దారంతో కుడి మైకు నుంచి కొలిచారు. బియ్యపు గింజంత తేడా వస్తే పీట జరిపారు. గొంతు సరిగ్గా మధ్యలో నిలబడాలట. అక్క కదలకుండా కూర్చుని, కళ్ళతో మాత్రం నవ్వుతోంది.

నాకూ ఆ పాట వచ్చు. అక్కతో పాటే నేర్చుకున్నాను, మూడో చరణంలో గమకం అక్క కంటే నాకే బాగా పలికేదని అమ్మే అనేది. నన్నూ పాడమంటారని పొద్దున్నించీ తలస్నానం చేసి, జడ వేసుకుని కూర్చున్నాను. నాన్న నన్ను పిలిచి ఎడం మైకు పక్కన కూర్చోబెట్టి, “డబ్బా కదలకుండా పట్టుకో. నీ పాట రేపు పట్టుకుందాం” అన్నారు. ఉన్నది ఒక్క క్యాసెట్టని, అదీ ఒక పక్కే ఖాళీ అని నాకు తెలుసు. రేపు అనేది రాదని కూడా తెలుసు. అక్క పాడుతున్నంతసేపూ ఆ డబ్బాని రెండు చేతులతో నొక్కిపట్టి కూర్చున్నాను. కోపానికి చెవులు ఎర్రబడ్డాయి.

పాడిన తర్వాత వెనక్కి తిప్పి వినిపించారు. నేను అలిగి పెరట్లోకి పోయాను, ఆ తర్వాత కూడా ఆ టేపు పెట్టినప్పుడల్లా అక్కడికే పోయాను. అమ్మ కళ్ళు తుడుచుకుందట. నాన్న మాత్రం తల వాల్చి విని, “మధ్యలో నిలబడటం లేదే. ఎక్కడుందో తెలియకుండా గదంతా జరిగిపోతోంది” అన్నారట. రెండు రోజులు దానికోసం తిప్పలుపడ్డారు. తర్వాత పెళ్ళివారొచ్చారు, టేప్‌రికార్డరు దాని సొంతదారు తీసుకుపోయాడు, క్యాసెట్టు అక్క సామాన్లతో రేపల్లె వెళ్ళిపోయింది.

బావ రేపల్లెలో రైసు మిల్లులో మెకానిక్కు. మంచివాడు. అక్క కడుపుతో ఉండగా ఆరో నెలలో జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గాని గొంతు పడిపోయింది. కాన్పయ్యాక అదే వస్తుందన్నాడు డాక్టరు. అమ్మ పంపే కారప్పొడి, నెయ్యి డబ్బా పట్టుకుని నేను తెనాలిలో రేపల్లె రైలెక్కేదాన్ని. చివరి స్టేషను కాబట్టి దిగడం మరచిపోతానన్న భయం ఉండేది కాదు. స్టేషను నుంచి మిల్లుల వెంట నడిచి వెళితే ఊక దుమ్ము జడలో పేరుకునేది. అక్క చాప మీద గోడకి ఆనుకుని ఉండేది. మనిషి కావాలంటే చెంచాతో గ్లాసు మీద కొట్టేది. మాట్లాడితే ఊపిరి తప్ప వచ్చేది కాదు, నోటి దగ్గర చెవి పెట్టాలి. ఒక మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి అక్క కళ్ళు మూసుకుని, కడుపు మీద చేయి వేసుకుని, లోపలి బిడ్డకి ఆ మంగళహారతి పాడుతోంది. పాట తాలూకు లయ ఉంది, ఆగాల్సిన చోట ఆగుతోంది. గొంతు లేదు. నేను గుమ్మంలో నెయ్యి డబ్బా పెట్టేసి వీధిలోకి పరిగెత్తాను. అక్కని ప్రాణంతో చూడటం అదే ఆఖరు. బాపట్లలో, నా గదిలో, నా కంప్యూటర్లోంచి వచ్చింది అచ్చంగా ఆ పాటే. పెళ్ళికి ముందు ఖంగుమని పాడి పట్టించిన పాట, చచ్చిపోయే ముందు పాడిన పాటగా మారిపోయి వచ్చింది.

మూడో రోజు మధ్యాహ్నం సౌండు పూర్తిగా పెంచి, హెడ్‌ఫోనుని కుడి చెవికి అదిమిపట్టి విన్నాను. రెండో చరణం అయ్యాక గడియారం గంట కొట్టింది. ఆ గంట మోత సన్నబడుతుండగా, నా చెవిలో నోరు పెట్టి చెప్పినంత దగ్గరగా, ఒక పిల్ల గొంతు అంది. “దీని గొంతు పడిపోతే బాగుణ్ణు.”

హెడ్‌ఫోను లాగి బల్ల మీద పడేశాను. ఆ పిల్ల నేనే. ఆ మాట నేను అనుకున్నానని నాకు ఎప్పుడూ గుర్తే. ఒక్క రోజు కూడా మరచిపోలేదు. కానీ మనసులో అనుకున్నాననే ఇన్నేళ్ళూ నమ్మాను. పైకి అన్నానని, నా పక్కనే ఉన్న మైకు దాన్ని పట్టుకుందని, అది రేపల్లెలో ఇనప్పెట్టె అడుగున ఇన్నేళ్ళు భద్రంగా ఉందని నాకు తెలియదు. ధైర్యం కూడదీసుకుని మళ్ళీ విన్నాను. నా మాట తర్వాత ఒక బుస, ఒక పొడుగాటి ఊపిరి, తర్వాత మూడో చరణం తాలూకు ఊపిరి. అక్క నిట్టూర్చిందనుకున్నాను. విన్నదన్నమాట. అంత చిన్న గదిలో, అంత నిశ్శబ్దంలో, వినకుండా ఎలా ఉంటుంది?

నేను దయ్యాల్ని నమ్మేదాన్ని కాదు. ల్యాబులో ముప్పై ఏళ్ళు ప్రతి చప్పుడుకీ కారణం ఉంటుందని పిల్లలకి చూపించినదాన్ని. అయినా ఆ సాయంత్రం దాకా కంప్యూటరు వైపు వీపు పెట్టి కూర్చోలేకపోయాను. టేపులో అందరి గొంతులూ ఉండి అక్క గొంతొక్కటే పడిపోవడమేమిటి? మనిషికి పడిపోయింది చాలక టేపులో కూడా పడిపోవాలా? నా మాటకి అంత బలం ఉందా? అసలు ఇది కాదు నన్ను పీక్కుతిన్నది. మాధవి ఈ పాట వినాలి. నాలుగు ఫోటోల తల్లిని వినడానికి వచ్చే పిల్లకి తల్లి గొంతు వినపడదు, పిన్ని శాపం మాత్రం శుభ్రంగా వినపడుతుంది. నా చేతుల మీద పెరిగిన ఆ పిల్ల నన్ను తప్ప అమ్మగా ఎవరినీ ఎరగదు.

ఫోన్ చేసి అబద్ధం ఆడాను. “క్యాసెట్టు పాడైపోయిందే మాధవీ. అందులో ఏం లేదు. చప్పుళ్ళున్నాయి, అంతే.”

“ఏ చప్పుళ్ళు?” అంది.

“గడియారం, కాకి, తాతయ్య దగ్గు.”

“అవి మాత్రం నేను విన్నానా ఏంటి? ఆదివారం వస్తున్నా,” అని పెట్టేసింది.

ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. అన్నం కూడా తినకుండా కంప్యూటరు ముందు కూర్చుని హెడ్‌ఫోను పెట్టుకుంది. నేను వెనక నిలబడ్డాను. అర నిమిషం కాకుండానే వెనక్కి తిరిగి, “ఇదేంటి పిన్నీ, ఎవరో గుసగుసలాడుతున్నట్టుంది?” అంది. దాని మొహం పాలిపోయింది. “ఆయన ఆడగొంతు ఉందన్నాడే. రెండు స్పీకర్లలోనూ విన్నానన్నాడే.”

“నాకూ అదే అన్నాడు.”

“ఉండు, పోయినేడు నీకు నేను పెట్టిన మోనో అలాగే ఉంచావా?”

“మోనో ఏంటి?”

“కుడీ ఎడమా కలిపి ఒకటే చేసి వినిపిస్తుంది పిన్నీ. నీకు ఒక్క చెవే కదా, ఎడమ పక్క చప్పుళ్ళు పోకూడదని నేనే పెట్టాను.” అంటూ సెట్టింగుల్లోకి వెళ్ళి ఆ మీట ఆపేసింది.

ఆ ఒక్క మాటతో నాకు మొత్తం అర్థమైంది. నోటి దాకా నడవని నా బుద్ధికి నాకే సిగ్గేసింది. నాన్న మైకులకి వాడిన వైరులో రెండు పాయలూ నలుపే. తేడా తెలియడానికి ఒక్కో వైరులో ఒక పాయకి కుంకుమ బొట్టు పెట్టుకున్నారు. మైకులు కట్టింది దసరా రోజుల్లో. పనిముట్లకి బొట్లు పెట్టడం ఏటా నా పని. సుత్తికీ, పట్టకారుకీ, మీటరుకీ పెట్టి, బల్ల మీదున్న వైర్ల కొసలన్నింటికీ కూడా భక్తిగా పెట్టాను. ఆ తర్వాత నాన్న ఏ బొట్టు చూసి టంకం వేశారో ఆయనకే తెలియదు. ఒక మైకు తిరగబడింది. ఒకటి ముందుకి అంటే రెండోది వెనక్కి అంటుంది. విడివిడిగా వింటే రెండింటిలోనూ పాట ఉంటుంది. రెండింటినీ కలిపితే ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా అవుతుంది. స, శ, చ లాంటి సన్నటి చప్పుళ్ళకీ ఊపిరికీ వెంట్రుకంత తేడా ఉన్నా చాలు, అవి పూర్తిగా చెరిగిపోవు. పక్కలకున్న నాన్న, కాకి, గిన్నె, నేను మిగులుతాం. దారం పెట్టి కొలిచి సరిగ్గా మధ్యలో కూర్చోబెట్టిన మనిషే మాయమైపోతుంది. ఫోనుకున్న ఒక్క స్పీకరూ అదే పని చేసింది. నాన్న కొలత అంత బాగా కుదరకపోయి ఉంటే అక్క కాస్తయినా మిగిలేది.

కారణం తెలిసింది కదా అని భయం పోలేదు. మాధవి పాట మళ్ళీ మొదటి నుంచి పెట్టుకుంది. దాని చెవుల్లో ఏం జరుగుతోందో నాకు వినపడదు. దాని మొహమే చూస్తున్నాను. భుజాలు ఒక్కసారి ఎగిరిపడ్డాయి, చేయి నోటికి అడ్డం పెట్టుకుంది. గొంతు వచ్చిందన్నమాట. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా తుడుచుకోవడం లేదు. తెర మీద నిమిషాలు కదులుతున్నాయి. గంట ఏ నిమిషంలో కొడుతుందో నాకు తెలుసు. వైరు లాగేద్దామని చేయి చాచాను కూడా. చాచిన చేయి చాచినట్టే ఉండిపోయింది. ఆ పాట ఆ పిల్లది, అందులో ముక్క కోయడానికి నేనెవరిని? గంట కొట్టే వేళ దాటింది. ఇప్పుడు నా మాట.

మాధవి నుదురు ముడిపడింది. అంతలో ఏడుస్తున్న ఆ మొహంతోనే ఫక్కున నవ్వింది.

పాట ఆపి, వెనక్కి జరిపి, హెడ్‌ఫోను తీసి నా తలకి పెట్టింది. గంట కొట్టింది. ఈసారి నా మాట ఎక్కడో దూరం నుంచి, నా పనిచేసే చెవికి లీలగా వినపడింది. ఆ తర్వాత నేను నిట్టూర్పనుకున్న చోట మా అక్క, పంతొమ్మిదేళ్ళ మా అక్క, ఖంగుమనే గొంతుతో, నవ్వు ఆపుకుంటూ అంది. “పడిపోతే పడిపోయిందిలేవే. అప్పుడు నువ్వు పాడుదువుగాని.” నాన్న “ష్” అన్నారు. అక్క గొంతు సవరించుకుని మూడో చరణం ఎత్తుకుంది.

ఎక్కడి నుంచి వస్తోందో తెలియని గొంతు. నాన్న అన్నట్టే అది ఒకచోట నిలబడటం లేదు, గదంతా ఉంది, నా తల లోపలా ఉంది. అక్క ఆ రోజు ఆ మాట అని ఉంటుంది, నేను విని కూడా ఉంటాను, నా కోపం హోరులో నా చెవికి ఎక్కలేదు. నా శాపం ఒక్కటే గుర్తుపెట్టుకుని, దానికొచ్చిన జవాబు పారేసుకుని ఇన్నేళ్ళు బతికాను. అక్క పోయిన తర్వాత నేను నోరు విప్పి పాడలేదు. ఇంట్లోవాళ్ళు దిగులనుకున్నారు. అమ్మ ఒకటి రెండుసార్లు అడిగి ఊరుకుంది.

“అమ్మేనా పిన్నీ?” అంది మాధవి. అది అడగాల్సిన మాట, నేను చెప్పాల్సిన మాట.

“అమ్మే,” అన్నాను.

“ఆ కోపిష్టి పిల్ల నువ్వేగా?”

“నేనే.”

మూడో చరణం మొదటి పాదం కూడా పూర్తి కాకుండా పాట టక్కుమని తెగిపోయింది. క్యాసెట్టు అక్కడితో అయిపోయింది. ఆ చివరి చరణం పెళ్ళింటి సందడిలో అక్క మరోసారి పాడి ఉంటుంది గాని, ఏ మైకూ పట్టలేదు. మాధవి ఖాళీ తెర వైపు చూస్తూ, “తర్వాత ఏం వస్తుంది?” అని అడిగింది. పుస్తకాల్లో లేదు, నెట్టులో లేదు. నాకు తప్ప ఎవరికీ రాదు.

పాడాను. కిటికీలు మూసి ఉన్నాయి, ఫ్యాను లేదు, ఇద్దరం చెమటతో తడిసిపోయాం. గొంతు బొంగురుగా, అరిగిపోయిన తలుపులా వచ్చింది. పై స్థాయికి వెళ్ళలేక కిందనుంచే లాక్కొచ్చాను. ఆఖరి పాదంలో ఒక మాట ఎంత తడుముకున్నా దొరకలేదు. లయ తప్పకుండా ఉండేందుకు ఆ చోట నా సొంత మాట ఒకటి వేసి పూర్తిచేశాను. మాధవి ఫోన్లో రికార్డు చేసుకుంది, రెండుసార్లు నాతో చెప్పించుకుని రాసుకుంది కూడా. ఒకప్పుడు ఆ పాటలో అక్షరం తప్పితే వంటింట్లోంచి అమ్మ అరిచేది, కొట్టులోంచి నాన్న దగ్గేవారు, పక్కనుంచి అక్క మోచేత్తో పొడిచేది. ఇప్పుడు అక్కడ తప్పుందని చెప్పగలిగేవాళ్ళు ఎవరూ లేరు.